కొత్త చట్టం కొట్టేసిన పేరు

ఆర్విన్‌ను సమాధి చేసిన మూడో రోజున, అతని రిటైర్మెంట్ ఖాతా కాగితాలు పట్టుకుని వెర్నా లాయరు దగ్గరికి వెళ్లింది. నామినీగా ఆమె పేరే ఉంది.

“జనవరిలో మన రాష్ట్రంలో చట్టం మారిందమ్మా. విడాకులైతే భార్య పేరు ఇక చెల్లదు. ఈ డబ్బు ఆయన తమ్ముడికి పోతుంది.”

“వాడు పదేళ్లుగా మా గడప తొక్కలేదు.”

“మీరు మాత్రం? వదిలేసి ఆరేళ్లయిందిగా!”

“ఆయనకి పక్షవాతం వచ్చింది. వైద్యం ఖర్చుకి ఇల్లు పోకూడదంటే, దాన్ని నా పేర పెట్టి కాగితం మీద విడాకులు తీసుకోమన్నది మీ నాన్నగారే, ఈ కుర్చీలోనే కూర్చుని. పోయిన రోజు పొద్దున కూడా ఆయనకి జావ తాగించింది నేనే బాబూ.”

లాయరు చట్టాన్ని మొదటినుంచీ మళ్లీ చదివాడు. అలాంటి విడాకుల గురించి అందులో ఒక్క మాటా లేదు.