సమాధానం రావాలి

జయరామయ్య మేష్టారు తలుపు గడియ పెట్టి, "సంచులన్నీ ముందర పెట్టండి" అన్నాడు.

బడి ఈల పోయింది. ఇత్తడిది, పాత మేష్టారి కాలం నుంచీ ఉన్నది. రేపు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడు. పిల్లలతో డ్రిల్లు చేయించి చూపాలి. ఈల కూడా కాపాడుకోలేని టెంపరరీ మేష్టారని రాసి పోయాడంటే ఉద్యోగం గోవిందా. ఆయన వరి పొలాల ఊరివాడు, ఈ సముద్రపు పల్లెకు వచ్చి పట్టుమని పది రోజులు కాలేదు.

నిజానికి ఆయన్ని కుదిపేస్తున్నది ఉద్యోగం ఒక్కటే కాదు. రోజూ పొద్దుగూకే వేళకు ఆ ఈల సముద్రం వైపు నుంచి వినిపిస్తోంది. నిన్న వెతుక్కుంటూ ఒడ్డుకు పరుగెత్తాడు. మసక చీకట్లో ఎవరూ కనిపించలేదు. తడి ఇసుకలో అడుగులు మాత్రం నేరుగా నీళ్లలోకి దిగి ఉన్నాయి. భయమేసింది. ఎవరితోనూ చెప్పుకోలేదు.

ఒక్కో సంచీ దులిపాడు. పగిలిన పలకలు, గవ్వలు, చింతకాయలు. ఒకదాంట్లో ఎండు రొయ్యలు. మేష్టారు ముక్కు మూసుకున్నాడు.

"ఈల ఎవరు తీశారు?"

"మాకు తెలవదు సార్" అంది ఐదో తరగతి ఏసుమణి.

"తెలవదు కాదు, తెలియదు."

దొంగతనం అంటే ఎంత మంటో, తప్పు తెలుగన్నా ఆయనకు అంతే మంట.

గోడ మేకుకు ఇంకో సంచి వేలాడుతోంది. దాని కింద చాప మీద ఒకరు పట్టేంత చోటు ఖాళీగా ఉంది. ఇరుక్కుని కూర్చుంటారే గాని పిల్లలెవరూ అందులోకి జరగరు. మేష్టారు చెయ్యి చాచాడు.

"దాన్ని తాకొద్దు సార్."

"ఎవరిది?"

తీసి చూశాడు. ఒక పలక, ఆకులో కట్టిన అన్నం ముద్ద. అన్నం ఇవాళ్టిదే. ఆయన ఒళ్లు జలదరించింది. అది పిల్లలకు కనిపించకూడదని బెత్తంతో బల్ల మీద ఒక్కటిచ్చాడు.

"నాకు సమాధానం కావాలి. ఇప్పుడే రావాలి. సమాధానం వచ్చేదాకా ఎవరూ ఇంటికి పోరు."

బయట వరండా ఊడుస్తున్న ఆయా రెబెక్కమ్మ చీపురు చప్పుడు ఆగిపోయింది.

లోపల చిన్నపిల్లలు ఏడుపు అందుకున్నారు. కొందరు తలుపు దగ్గర నుంచి దూరంగా జరిగారు. ఏసుమణి లేచింది.

"సమాధానం లేడు సార్."

"లేడు కాదు, లేదు. ఆ మాత్రం తెలుగు కూడా రాదా మీకు?"

తలుపు దబదబా మోగింది. గడియ తీస్తే రెబెక్కమ్మ. చీర కుచ్చెళ్ల నిండా ఉప్పునీళ్ల మరకలు. కొంగు ముడి విప్పి, ఈల తీసి ఆయన చేతిలో పెట్టింది.

"నేనే తీసినా సార్. సముద్రం మీద వేటకు పోయిన నా బిడ్డ తిరిగి రాలా. ఈ ఈల వింటే యాడున్నా పరిగెత్తుకొచ్చేవాడని రోజూ నీళ్లలో దిగి ఊదతా ఉండా."

ఆమె చూపు ఆయన్ని దాటి, మేకు కింద ఖాళీ చోటు మీదికి పోయింది.

"నేనెంత ఊదినా రాలా, మీరు పిలిస్తే మా సమాధానం వస్తాడా సార్?"