వెనక్కి జరిపిన తేదీ

అల్లుడు గారికి,

నా కోడిగీతల రాత, అక్షరాల తప్పులు మన్నించండి. ఫోనులో చెప్పలేక కార్డు రాస్తున్నాను.

మీ అత్తయ్య కంప్యూటరులో ఆడే పాత ఇటుకల ఆట తెరవగానే గడువు తీరిందని మూసుకుపోతోందంటే, "కంప్యూటరులో తేదీ పాత సంవత్సరానికి మార్చి చూడండి మావయ్యా" అన్నారు కదా. మార్చాను. ఆట తెరుచుకుంది. మతిమరుపు వచ్చాక ఆమె అంతగా నవ్వగా చూడలేదు.

ఆడుతూ ఆడుతూ తెర మూలనున్న తేదీ చూసింది.

"అమ్మాయి కాలేజీ నుంచి ఇంకా రాలేదేమండీ? మీకు చీమ కుట్టినట్టయినా లేదే!" అని నన్ను కసిరి, వెళ్లి గుమ్మంలో కూర్చుంది. అప్పటినుంచి రోజూ అంతే, ఎంత పిలిచినా లేవడం లేదు.

అమ్మాయి పోయిందని ఆమెకు మళ్ళీ కొత్తగా చెప్పాలి. మొదటిసారి ఆ మాట మీరే చెప్పారు. నా వల్ల కాదు బాబూ. ఏం చేయమంటారో త్వరగా జవాబు రాయండి.