గొనారియో నాలుగో కత్తి

మూడో కత్తి కూడా తిరిగొచ్చింది.

ప్రియామో దాన్ని జేబురుమాలులో చుట్టి తెచ్చాడు. బల్లమీద పెట్టి, తప్పు తనదే అన్నట్టు ఒకడుగు వెనక్కి వేశాడు. డెబ్బై దాటిన గొర్రెల కాపరి. గట్టిగా మాట్లాడటం అలవాటు లేని మనిషి.

గొనారియో రుమాలు విప్పాడు. కత్తి మొన అరంగుళం మేర ఎగిరిపోయింది.

ఇటలీలో సార్డీనియా దీవి కొండల్లో ఆ ఊరికి గొనారియోదే పెద్ద కత్తుల కొట్టు. మూడు తరాలుగా మడతకత్తులు చేస్తున్న ఇల్లు. గుమ్మం మీద బోర్డు కూడా ఉంది: ‘మా కత్తి విరగదు. విరిగితే అది మీ చేతి దోషం.’ ఆ వాక్యం గొనారియో స్వయంగా రాసుకున్నాడు.

“దీన్నేం చేశారు బాబాయ్?”

“కంచె తీగ మెలితిప్పుతుంటే...”

“తీగ మెలితిప్పడానికి పటకారు ఉంటుంది కదా!”

“దానికోసం ఇంటిదాకా వెళ్ళొచ్చే తీరిక ఎవరికుందంటారు మరి.”

కత్తెరకు సాన పట్టించుకోవడానికి వచ్చిన బార్బరు ఎఫీజియో కిసుక్కున నవ్వాడు. ఎఫీజియో కుర్చీలో కూర్చున్న ప్రతి తలకాయకీ సాయంత్రానికల్లా ఈ కబురు చేరిపోతుంది.

మొదటి కత్తికి ఎనిమిది రోజుల్లో కీలు వదులైంది. రెండోదానికి నెల తిరక్కుండా పిడి చీలింది. ఇప్పుడిది. మూడూ అద్దాల బీరువాలోవే. నీలం మఖమల్ మీద పడుకోబెట్టినవే. టూరిస్టులు వాటిని చూసి నోరు వెళ్ళబెడతారు.

“అసలు మీకెలాంటి కత్తి కావాలి?” అన్నాడు, మొదటిసారే అడగాల్సిన ప్రశ్నని మూడు కత్తులయ్యాక.

ప్రియామో కళ్ళు మూసుకుని పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. “మెరుపు అక్కర్లేదు. వెన్ను మందంగా ఉండాలి. తెరిచాక అటూ ఇటూ ఊగకూడదు. చెయ్యి తడిసినా పిడి జారకూడదు. తుప్పు పడితే పట్టనీ, రాయిమీద నాలుగు రుద్దులు రుద్దితే మళ్ళీ తెగాలి. ఇంట్లో ఇలాగే చెప్పి పంపారు.”

“ఏమేం పనులకి?”

“గిట్టలు చెక్కడానికి. ద్రాక్షతీగలు కోయడానికి. జున్ను కోయడానికి. తాళ్ళు, ముళ్ళకంపలు. ఒక్కోసారి మేకులు పీకడానికి కూడా...”

“మేకులా!” గొనారియో తల పట్టుకున్నాడు. “అర్థమైంది బాబాయ్, కత్తుల తప్పేమీ లేదు. ఇలా చెప్పి పంపిన మీవాడికి కత్తి పట్టడం చేతకాదు.”

“మావాడు కాదు, మా...”

“వెనకేసుకు రాకండి! ఈ కాలం కుర్రాళ్ళని నేనెరగనా? జిమ్ముకెళ్ళి కండలు పెంచుతారు. బుర్ర మాత్రం పెరగదు. కత్తికీ గడ్డపారకీ తేడా తెలీదు.”

“అది కాదు గొనారియో, మా ఇంట్లో...”

“నేను చెప్పేది వినండి ముందు!”

ప్రియామో విన్నాడు. ఇంట్లో కూడా వినడమే అలవాటు లాగుంది.

గొనారియో బల్ల కింద సొరుగు తెరిచి నూనెగుడ్డలో చుట్టిన కత్తి తీశాడు. చనిపోయే ముందు తండ్రి చేసిన ఆఖరి కత్తి. నల్లటి ఉక్కు, పొట్టేలు కొమ్ము పిడి, వేలంత మందం వెన్ను. ఒక జర్మన్ పెద్దమనిషి మూడేళ్ళుగా ఉత్తరాలు రాస్తున్నా దాన్ని ఇవ్వలేదు.

“ఇది ఇస్తున్నాను. కానీ మీ చేతికి కాదు. రేపు నేనే మీ దొడ్డికి వస్తా. ఎలా పట్టుకోవాలో, ఎలా వాడాలో దగ్గరుండి నేర్పిస్తా. ఆ తర్వాత కూడా ఇది విరిగిందా, కొట్టు మూసేసి గొడుగులు అమ్ముకుంటా!”

“నేనూ వస్తా,” అన్నాడు ఎఫీజియో వెంటనే. అలాంటి తమాషా వదులుకునే రకం కాదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కొండెక్కారు. దారి పొడుగునా గొనారియో ఉపన్యాసం వల్లిస్తూనే ఉన్నాడు. మొదట వినయం, తర్వాత మణికట్టు, చివర బలం. ఎఫీజియో మధ్యమధ్య ఆగి ఊపిరి పీల్చుకుంటూ తల ఊపాడు.

దొడ్డిలో ఒక గొర్రెని వెల్లకిలా పడుకోబెట్టారు. ప్రియామో దాని కాళ్ళు పట్టుకుని ఉన్నాడు. నల్లకోటు, నల్లటోపీ వేసుకుని ఇటు వీపు పెట్టి ఎవరో గిట్టలు చెక్కుతున్నారు, వంటింటి చాకుతో.

“ఏరా అబ్బాయ్!” గేటు దగ్గర్నుంచే గొంతెత్తాడు గొనారియో. “కత్తంటే ఏమనుకున్నావ్? పెళ్ళాం లాంటిది. బలం చూపిస్తే లొంగదు. ముందు వినయం నేర్చుకో!”

ప్రియామో ‘వద్దు వద్దు’ అన్నట్టు కళ్ళతో సైగలు చేశాడు. గొనారియో పట్టించుకుంటేనా?

“మూడు కత్తులు పాడుచేశావ్. సిగ్గుగా లేదూ? లేచి ఇటు రా, పట్టుకోవడం చూపిస్తా.”

నల్లకోటులోంచి ఒక చెయ్యి వెనక్కి చాచుకుంది, ‘తే’ అన్నట్టు. ఎముకల మీద తోలు తప్ప మరేమీ లేని చెయ్యి. గొనారియో ఎందుకో నోరు మూసుకుని కత్తి అందులో పెట్టాడు.

బొటనవేలు ఒక్కసారి కదిలింది. కత్తి టక్కుమని తెరుచుకుంది. దాన్ని బండమీద ఆనించి వంచి చూడటం, పక్కనున్న కంచె తీగని మెలితిప్పి తెంపడం, గుంజలోంచి ఓ మేకు పెకలించడం, అదే ఊపులో గిట్ట అంచుని ఉల్లిపొర తీసినట్టు చెక్కేయడం, అన్నీ నిమిషంలో అయిపోయాయి. మొన అలాగే ఉంది.

“పర్వాలేదురా అబ్బాయ్, మీ తాత నా పెళ్ళికిచ్చిన దానంత కాదు గానీ, నాకు ఇంకో ఇరవై ఏళ్ళు వస్తుందిలే,” అంటూ టోపీ వెనక్కి నెట్టి ఇటు తిరిగింది, వచ్చే నెలలో నూట రెండో ఏట అడుగుపెట్టబోతున్న ప్రియామో తల్లి.