నలభై గడులు

రవికిరణ్ భార్య నవ్యశ్రీ కనబడకుండా పోయి అయిదు రోజులైంది. జర్మనీలోని ఎర్లాంగెన్ ఊళ్లో ఉన్న తెలుగువాళ్లంతా ఆదివారం పొద్దున్నే అడవి అంచున కార్లు ఆపి, ముందుగా సెల్ఫీలు దిగారు. అది చూసి ఛాయాదేవి మొహం తిప్పుకుంది.

తప్పిపోయినవాళ్లను ఎక్కడ వెతకాలో లెక్కగట్టడమే యూనివర్సిటీలో ఆమె పరిశోధన. ఊరినీ, చుట్టూ ఉన్న అడవినీ నలభై గడులుగా గీస్తుంది. మనిషి ఏ గడిలో ఉండే అవకాశం ఎంతో శాతం వేస్తుంది. వెతికిన గడిలో దొరక్కపోతే అక్కడ శాతం తగ్గుతుంది, మిగతా గడుల్లో పెరుగుతుంది. ఆ మ్యాపు కోసం రవికిరణే వచ్చి ఆమె కాళ్లావేళ్లా పడ్డాడు.

పోలీసులు రెండో రోజే వెతకడం ఆపేశారని అతను కనబడినవాళ్లందరికీ చెప్పి తిడుతున్నాడు. వాళ్లకు మానవత్వం లేదట. నవ్యశ్రీ దగ్గర ఫోనుంటే ఈపాటికి దొరికేదని ఎవరో అన్నారు. ఫోనూ, పాస్‌పోర్టూ తన బీరువాలోనే భద్రంగా ఉన్నాయన్నాడు. పోగొడుతుందని తనే తీసి పెట్టాడట. ఆ మాట చెబుతూనే సమోసా కొరికాడు.

"ఎట్లనన్న దొరకవట్టాలె అక్కా. మా ఊర్ల మా నాయిన తలెత్తుకోలేకపోతుండు."

ఈ చలికి ఆమె ఏమైపోయిందో అన్న మాట అయిదు రోజుల్లో ఒక్కసారీ ఆ నోట రాలేదు. అతని పక్కన నిలబడాలంటేనే ఛాయాదేవికి రోత పుట్టింది. అయినా మ్యాపు తెరిచి, బురద ఎక్కువగా ఉండే ఉత్తరం గడులకు అతన్ని పంపింది.

సాయంత్రానికి ఇరవై గడులు వెతికారు. దొరకలేదు. ఛాయాదేవి కూర్చుని శాతాలు మారుస్తుంటే, ఆమె దగ్గర ప్రాజెక్టు చేస్తున్న సృజన్ తెరమీద ఒకచోట వేలు పెట్టాడు.

"ఈ గడికి సున్నా వేశారేంటి మేడమ్? సున్నా వేస్తే ఇక అది ఎప్పటికీ పెరగదు, ఎక్కడా వేయొద్దని మీరేగా చెప్పారు."

"అది మా వీధి. అక్కడుంటే నాకు కనబడదా?"

సృజన్ తలూపాడు. వచ్చే ఆదివారం ఇంకా ఎక్కువమందిని తెస్తానంటూ రవికిరణ్ తన బూట్ల బురదను ఆమె కారు టైరుకు రాస్తున్నాడు. ఛీ అనుకుని ఆమె కారెక్కింది.

ఇంటికొచ్చి, ఇద్దరూ ముందే అనుకున్న గుర్తు ప్రకారం బెల్లు మూడుసార్లు కొట్టగానే, నవ్యశ్రీ తలుపు తీసింది.