పిల్లితుమ్ము

మైదానమంతా తుపాకులు పిడుగుల్లా మోగుతుంటే, ఒక్కటి మాత్రం తుస్సుమంది.

అందరూ తలలు తిప్పి చూశారు.

చివరి బల్ల దగ్గర ఎవరూ ఎరగని ముసలాయన. చేతిలో యుద్ధం నాటి సైనిక తుపాకి. పొద్దుటి బస్సులో దిగాడట.

"పెద్దాయనా, మీ తుపాకికి జలుబు చేసిందా ఏంటి?" అన్నాడు రేయో.

మా హిర్విలంపి ఊరి తుపాకుల సంఘానికి రేయోనే పెద్ద. ఊరకున్నంత ఉత్తమం లేదన్న మాట అతని చెవిన ఎవరూ వేసినట్టు లేదు.

"జలుబు కాదు నాయనా, పిల్లితుమ్ము," అన్నాడు ముసలాయన. "తూటాలో చిటికెడు తుపాకి మందు, ముందు తేలికపాటి సీసపు గుండు. ఈ వయసులో భుజానికి గాడిద తన్నులు తినే ఓపిక నాకెక్కడిది?"

అందరూ నవ్వారు. పక్క బల్ల దగ్గరున్న రైలి అనే ఆమె మాత్రం నవ్వలేదు.

ఆ చప్పుడు విని ఎన్నేళ్లయిందో!

చిన్నప్పుడు ఆకులు ఎర్రబడే రోజులు వస్తే చాలు, నాన్న ఓయివా ఆమె దోసిట్లో అచ్చం అలాంటి తూటాలు పోసేవాడు. "నీకోసం నేనే చేశా. నువ్వు కాల్చు, నేను చూస్తా," అనేవాడు. తన సైనిక తుపాకిని కూతురి భుజానికి ఆనించి, పక్కనే కూర్చునేవాడు. అంత పెద్ద తుపాకి ఆ తూటాలతో పిల్లను తన్నేది కాదు, ఊరికే ఒకసారి తట్టేది.

తర్వాత్తర్వాత, మంచి మందు దొరకడం లేదని నాన్న ఆ తూటాలు చేయడం మానేశాడు. ఆయన పోయాక రైలి సొంతంగా ప్రయత్నించింది. మందు మరీ తక్కువై, గుండు గొట్టం మధ్యలోనే ఇరుక్కుంది. దాన్ని ఊడదీసిపెట్టిన రేయో ఏడాది పొడుగునా ఆమెను ఏడిపించాడు.

పోయిన చలికాలం ఆమె మంచు మీద జారిపడింది. భుజం ఎముక విరిగి లోపల మేకులు వేశారు. అందుకే ఈరోజు పాత తుపాకుల పోటీకి బయల్దేరేటప్పుడు తల్లితో చెప్పి వచ్చింది.

"ఈసారి కూడా కాల్చలేకపోతే నాన్న తుపాకిని సంఘానికి ఇచ్చేస్తానమ్మా. మూలన పడి ఉంటే చూడలేకపోతున్నా."

ఇప్పుడు ఆమె భుజం నిమురుకుంటూ నిలబడటం ముసలాయన గమనించాడు. గుప్పెడు తూటాలు అందించబోయాడు.

"ఇవి తీసుకో తల్లీ. నొప్పి తెలీదు."

రైలి చెయ్యి ముందుకు వెళ్లింది. రేయో మధ్యలోకి వచ్చాడు.

"ఆగు, ఆగు! ఒకరు చేసిన తూటా ఇంకొకరి తుపాకిలో పెట్టకూడదు. ఇక్కడ అది మొదటి నియమం. తక్కువ మందు పోసేవాడు మరిచిపోయి రెండోసారి పోస్తే పైకి కనపడి చావదు. మొహం మీదే పేలుద్ది. ఏమీ అనుకోకండి పెద్దాయనా."

"ఎందుకనుకుంటా? నిజమేగా," అన్నాడు ముసలాయన.

రైలి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మా నాన్న కూడా అదే చెప్పేవాడండి. నా చిన్నప్పుడు ఇలాంటివి ఆయనే చేసేవాడు. అలాంటి తూటాలు మళ్లీ ఎవరివల్లా కాలేదు."

ముసలాయన ఆమె వంక చూశాడు.

"అంత బాగుండేవా?"

"నాన్న భుజం తట్టినట్టే ఉండేది."

ఆయన తూటాలను జేబులో వేసుకున్నాడు.

"అయితే మీ నాన్న మాటే విను తల్లీ. మంచి పనిమంతుడు."

రైలి వంతు వచ్చింది. అంగట్లో కొన్న తూటాతోనే కాల్చింది. ఒక్కటే దెబ్బ. కళ్లు బైర్లు కమ్మి బల్ల మీదికి ఒరిగిపోయింది. రెండోది పెట్టడానికి చెయ్యి లేవలేదు.

"ఇదిగో రేయో, తీసుకో," అంది తుపాకి అందిస్తూ. "గోడకి తగిలించుకోండి."

ఈసారి రేయోకు కూడా ఎగతాళి చేయబుద్ధి కాలేదు.

ముసలాయన దగ్గరికొచ్చి, "ఒకసారి పట్టుకోవచ్చా?" అని అడిగాడు. తుపాకి కర్రను అరచేత్తో నిమిరి తిరిగిచ్చాడు. స్వీడన్ వెళ్లే ఓడ అందుకోవాలంటూ మధ్యాహ్నం బస్సెక్కి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చేసరికి తల్లి హిల్యా చేపల పులుసు వేడిచేస్తోంది. ఉత్త చేతులతో వచ్చిన కూతుర్ని చూసి, గిన్నె ముందు పెట్టి వడ్డించసాగింది.

"ఎవరో ముసలాయన పిల్లితుమ్ములు ఇవ్వబోయాడమ్మా. నేనే తీసుకోలేదు."

హిల్యా చేతిలో గరిటె ఆగింది.

"ఏ భుజానికి ఆనించి కాల్చాడు?"

"ఎడమ. ఏం?"

"కాల్చేముందు టోపీ వెనక్కి తిప్పుకున్నాడా?"

"తిప్పుకున్నాడు. నీకెలా తెలుసు?"

"తౌనో! బతికే ఉన్నాడన్నమాట," అంది హిల్యా, కుర్చీ అంచు పట్టుకుని. "మీ నాన్నతో కలిసి యుద్ధంలో పనిచేశాడు. ఏటా నువ్వు బడికెళ్లాక వచ్చేవాడు, నువ్వు తిరిగొచ్చేలోపు వెళ్లిపోయేవాడు. పని కోసం స్వీడన్ పోయేదాకా అంతే."

"ఎందుకొచ్చేవాడు? ఒక్కసారైనా నాకెందుకు కనపడలేదు?"

"నీకు చెప్పనని మీ నాన్నకి మాటిచ్చాడు," అంటూ హిల్యా కళ్లు తుడుచుకుంది. "యుద్ధం నుంచి వచ్చాక మీ నాన్న చేతులు ఎంత వణికేవంటే చిటికెడు మందు కూడా ఒలక్కుండా పోయలేకపోయేవాడు, నువ్వు కాల్చిన ప్రతి తూటా తౌనో చేసిందేనే తల్లీ."