మణికట్టు నొప్పి

"మణికట్టు ఎలా ఉందండీ?" అంటూ చంద్రకళ జంతికల డబ్బా బెంచీ మీద పెట్టి కూర్చుంది.

"అలాగే ఉందండి," అంది కెజియా, చేతి కట్టు సర్దుకుంటూ.

తాడేపల్లిగూడెంలోని ఆ క్లబ్బులో సాయంత్రాలు టెన్నిస్ ఆడే ఆడవాళ్ళు ఆరుగురు. కోర్టు ఒక్కటే. నలుగురు ఆడుతుంటే ఇద్దరు కూర్చుంటారు. ఓడిన జత దిగితే బెంచీ మీది జత ఎక్కాలి. జతలో ఒకరికి బాగోకపోతే రెండోవాళ్ళూ కూర్చోవలసిందే. వారం వారం జతలు మారతాయి. ఈ మధ్య చంద్రకళకి ఎవరు జతయితే వాళ్ళకి ఏదో ఒకటి వస్తోంది. ముందు సెక్రటరీ వీరరాఘవమ్మ గారికి నడుం పట్టింది. పోయిన వారం శ్రావ్యకి మడమ బెణికింది. ఈ వారం కెజియా మణికట్టు.

మొదటి రెండూ చంద్రకళ నమ్మింది. ఇది మాత్రం నమ్మలేదు. ఇందాకే కెజియా నీళ్ళ క్యాను అదే చేత్తో ఎత్తి వంచింది. పైగా ఎవరు తుమ్మినా పరామర్శించే వీరరాఘవమ్మ గారు ఆ కట్టు వంక చూడనైనా లేదు. అంటే కూర్చోమన్నది వాళ్ళే. కెజియా స్కూలు టీచరు, క్లబ్బుకి కొత్త. మిగిలినవాళ్ళంతా రైసుమిల్లుల వాళ్ళు, చేపల చెరువుల వాళ్ళు. పక్కన పెట్టడానికి ఒక వంక దొరికితే చాలు.

ఆ వంక ఇచ్చింది తనే.

పోయిన నెల క్లబ్బు కప్పు ఫైనల్లో శ్రావ్య, తను ఒక జత. వీరరాఘవమ్మ గారు, కెజియా ఇంకో జత. ఆఖరి పాయింటుకి కెజియా కొట్టిన బంతి గీత మీద పడి సున్నం లేపింది. చంద్రకళ కళ్ళారా చూసింది. చూసి కూడా "ఔట్" అని వేలెత్తింది. మన వైపు పడిన బంతికి మాట మనదే. అవతలివాళ్ళు ఎదురు చెప్పరు, అది క్లబ్బు మర్యాద. ఆ రోజూ ఎవరూ ఏమీ అనలేదు; ఓటమి మాత్రం కెజియా లెక్కలో పడింది. ఒక్క బంతే కదా అనుకుంది చంద్రకళ. ఎప్పుడూ అలాగే అనుకుంటుంది.

కప్పు ఇంట్లో టీవీ పక్కన ఉంది. ఇప్పుడు దాని దుమ్ము తుడిచేటప్పుడు కూడా మొహం తిప్పుకుంటోంది.

కోర్టులో శ్రావ్య బంతిని నెట్టుకి కొట్టింది.

"ఏమ్మా, మళ్ళీ మడమేనా?" అంది వీరరాఘవమ్మ. అందరూ నవ్వారు. కెజియా కూడా నవ్వబోయి, చంద్రకళని చూసి ఆపుకుంది.

"తీసుకోండి, మీకోసమే చేశాను," అని చంద్రకళ డబ్బా మూత తీసింది.

"రోజూ ఎందుకండీ ఇవన్నీ? మీరిలా తెస్తుంటే నాకేదోలా ఉంటోంది."

ఆ మాటతో చంద్రకళ ఇక ఆగలేకపోయింది. "కెజియా గారూ, ఆ రోజు మీ బంతి లోపలే పడిందండి."

"తెలుసండి."

"తెలిసీ ఊరుకున్నారా?"

"అడగకూడదు కదండీ."

"నా మూలంగా మిమ్మల్నిలా కూర్చోబెట్టారు. ఇప్పుడే వెళ్ళి అందరిముందూ చెప్పేస్తాను. కప్పు కూడా ఇచ్చేస్తాను. రేపట్నుంచి మిమ్మల్ని ఆడనివ్వమంటాను."

లేవబోయింది. కెజియా కట్టున్న చేత్తోనే ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చోబెట్టింది.

"వద్దండి. సోమవారం నుంచి నేను ఆడతాను."

"హమ్మయ్య. వాళ్ళే పిలిచారా?"

కెజియా జంతికల డబ్బాకి మెల్లగా మూత పెట్టింది. తలెత్తకుండానే అంది.

"ఈ వారం మీ పక్కన కూర్చునే వంతు నాదండి."