తూర్పు గోడ

తలుపు చప్పుడుకి కుసుమ గబుక్కున మొగుడి భుజం తట్టింది.

"ఏవండీ, రంపం ఆపండి! ఎవరో వచ్చారు."

సాయినాథ్ కరెంటు రంపం ఆపి, తూర్పు గోడకు గబగబా దుప్పటి కప్పేశాడు.

కుసుమకు అయిదో నెల. అంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఇంటికి తూర్పు వాకిలి లేకపోవడమే కారణమని తెనాలి సిద్ధాంతిగారు ఫోన్లో తేల్చేశారు. వెల్లింగ్టన్‌లో గోడకు వాకిలి పెట్టాలంటే నగర కౌన్సిల్ అనుమతి కావాలి. అదొచ్చేసరికి బిడ్డకు బారసాల కూడా అయిపోతుంది. అందుకే శనివారం చూసుకుని మొగుడూ పెళ్లాలు గుట్టుగా పని మొదలుపెట్టారు. వాళ్లు గుట్టుగానే ఉన్నారు గానీ రంపం ఉంటుందా!

గుమ్మంలో నల్లకోటు పెద్దాయన. గాలికి తెల్లజుట్టు రేగిపోతోంది.

"ఇల్లు ఒక్కసారి చూడొచ్చా మేడమ్? ముఖ్యంగా ఆ తూర్పు గోడ."

గోడ సంగతి ఈయనకెలా తెలిసింది? పక్కింటి షర్లీ కౌన్సిల్‌కి చెప్పేసిందన్నమాట!

"మావారు ఇంట్లో లేరండీ."

లోపల మావారు దుమ్ముకు గట్టిగా తుమ్మారు.

పెద్దాయన నవ్వాడు. "అయిదు నిమిషాలు చాలు. ఆ గోడలో..."

"కుదరదండీ. సోమవారం రండి." తలుపేసేసింది.

కిటికీలోంచి చూస్తే, ఆయన పక్కకు తిరిగి వెళ్లి, గోడను బయటి నుంచి అరచేత్తో నిమురుతున్నాడు.

"కొలతలు చూసుకుంటున్నాడండీ! మనుషుల్ని తీసుకొచ్చి పని ఆపించేస్తాడు. ఈ బిడ్డ కూడా నాకు దక్కదు." ఏడుపు ఆగలేదు ఆమెకు.

ఆయన అటు వెళ్లగానే సాయినాథ్ మళ్లీ రంపం అందుకున్నాడు. పైఅట్ట ఊడదీస్తే లోపల ఎర్రటి దళసరి చెక్క.

"ఇదేం చెక్కే బాబూ, ఇనుములా ఉంది!"

"ఏదైతేనేం, కోసెయ్యండి. వాళ్లొచ్చేలోగా అయిపోవాలి."

ముక్కలు ముక్కలుగా కోసి పెరట్లో పారేశాడు. సాయంత్రానికి గోడలో మనిషి పట్టే కంత. చలిగాలి ఇల్లంతా తిరుగుతోంది.

షర్లీ కేకు పట్టుకుని వచ్చింది.

"పొద్దున ఆయన్ని లోపలికి రానివ్వలేదటగా?"

"కౌన్సిలాయన మీ ఇంటికీ వచ్చాడా?" బెరుగ్గా అడిగింది కుసుమ.

"కౌన్సిలేమిటి! ఆయన తుల్లియో. ఇటలీలో పెద్ద ఆర్కిటెక్టు. దేశదేశాల్లో థియేటర్లు, మ్యూజియంలు కట్టాడు. ఆయన డిజైన్ చేసిన కుర్చీలంటే జనం పడి చస్తారు. కుర్రతనంలో మొదటి ఉద్యోగం ఈ ఊళ్లోనే. ఏదో ఉపన్యాసానికి వచ్చి, మధ్యాహ్నం విమానానికి వెళ్లిపోయాడు."

"మరి మా గోడతో ఆయనకేం పని?"

షర్లీ ఆ కంత వైపు చూసింది. పెరట్లోని ఎర్రచెక్క ముక్కల వైపు చూసింది. కేకు మెల్లగా బల్ల మీద పెట్టింది.

"ఆయన గీసిన మొట్టమొదటి ఇల్లు ఇదే కుసుమా. గాలి కొడుతోందని ఇంతకు ముందున్నవాళ్లు తూర్పు వాకిలి మూసేశారని పొద్దున నేను చెబితే, తన చేత్తో చేసి బిగించిన తలుపు ఇంకా ఆ గోడలోనే ఉంటుందని మీకు చూపించడానికి వచ్చాడు."